మామ పైన పెట్టని మిషన్

మా మామ పోయారు. పొద్దున చాయ్ తాగి, దుకాణం షట్టర్ ఎత్తి, స్టూలు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. వనపర్తి చుట్టుపక్కల చెట్లు కోసేవాళ్లకు ఆయన రంపాల మేస్త్రి. నాకు పెనిమిటి తండ్రి, పని నేర్పిన మనిషి. నెల దాటింది. ఏడుపు తగ్గింది గానీ భయం తగ్గలేదు. ఆ భయాన్ని దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అబద్ధం రాసినట్టే. అందుకని దాన్ని కూడా కలిపి రాస్తున్నాను.

ఆయన పని తెలియనివాళ్లకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. చెట్లు కోసే పెద్ద చైన్ రంపాలు కొన్నవి కొన్నట్టు వాడితే మా దిక్కు ఎండు చింత మొద్దుల దగ్గర నీరసపడతాయి. మామ వాటి సైలెన్సర్ విప్పి పొగ పోయే దారి పెద్దది చేసేవారు. దానికి తగ్గట్టు పెట్రోలు స్క్రూ సవరించేవారు. చివరికి గొలుసు పట్టుకునేవారు. రంపం గొలుసులో ప్రతి పంటికీ ముందు చిన్న మెట్టు ఉంటుంది. దాన్ని ఆకురాయితో ఎంత తగ్గిస్తే పన్ను అంత లోతుగా కొరుకుతుంది. ఒక్క పిసరు ఎక్కువ తగ్గిందంటే మాత్రం రంపం కట్టెను వదిలేసి, పట్టుకున్న మనిషి ముఖం మీదికి ఎగురుతుంది.

పెళ్లై వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకే నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. మామకు కళ్లు మసకబారినప్పుడు, నేను చేటలో బియ్యం ఏరుతుంటే కాసేపు చూసి, ఆకురాయి తెచ్చి నా చేతిలో పెట్టారు. “గిది గూడ రాళ్లు ఏరినట్టే బిడ్డా. ఒక్కో పన్ను సూసుకుంట పోవాలె, జల్ది పనికిరాదు” అన్నారు. అట్లా మొదలైంది. తర్వాత తర్వాత పరీక్షకు కూడా నన్నే పిలిచేవారు.

పరీక్ష పెరట్లో జరిగేది. ఒకే లావున్న మొద్దుకు మూడు కోతలు. కోత మొదలైన దగ్గర్నుంచి ముక్క కింద పడేదాకా నేను ఫోన్లో టైము పట్టాలి. రంపానికి ఎదురుగా కోడిపిల్లను కూడా నిలబడనిచ్చేవారు కాదు. మొదటిసారి నేను చెప్పిన టైము విని ఆయన రంపం ఆపేశారు.

“కండ్లు మూసుకుంటివా?”

“మూసుకున్న మామా.”

“కండ్లు మూసుకొని టైమెట్ల సూస్తవమ్మా?” అని నవ్వి, “భయపడు, తప్పులేదు. కండ్లు తెర్సి భయపడు” అన్నారు.

ఆయనకు చెవే గడియారం. రంపం గాలిలో ఉన్నప్పుడు కొంచెం గొణుగుతున్నట్టు ఉండాలి, కట్టెలోకి దిగినాక గొంతు తేటపడాలి. గాలిలోనే గొంతు తేటగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, ఇంజను కాలిపోతుందని వెంటనే ఆపేవారు. ఒకసారి గద్వాల నుంచి వచ్చిన కోతాయన రంపం మామూలుకంటే నాలుగు సెకన్లు ముందే మొద్దు కోసేసింది. నేనూ ఆ కోతాయనా సంబరపడ్డాం. మామ మాత్రం గొలుసు ఊడదీసి పక్కన పడేశారు.

“ఏంది మేస్త్రీ, మంచిగ కోసింది గద” అన్నాడాయన.

“కోసింది. కోసుకుంట నన్ను గుంజింది. పొద్దుగాల గట్టిగుంటవు, ఆపుతవు. పగటాల్లకు చేతులు గుంజినంక ఆపుతవా?”

కొత్త గొలుసు ఎక్కించి రెండు సెకన్లు వెనక్కి తెచ్చి ఇచ్చారు. గద్వాల వాళ్లు దారిలో బీచుపల్లి ఆంజనేయునికి కొట్టిన కొబ్బరి తెచ్చి ఇస్తే, పరీక్ష అయ్యేదాకా నోట్లో వేసుకునేవారు కాదు. అయ్యాక స్టూలు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు తినేవారు. ఆ చెంబు పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతుండేది. వయసనుకున్నాను చాలాకాలం. ఒకరోజు అడిగితే, “వయసు గాదు బిడ్డా, భయమే. గీ మిషన్ల పని మొదలువెట్టిన కాడ్నుంచి గిట్లనే. గందుకే మొదటి కోత ఇంకొకళ్లకియ్య” అన్నారు. ఊరంతా ధైర్యవంతుడనుకునే మనిషి అంత మామూలుగా ఆ మాట చెప్పేసరికి నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

మా దుకాణంలో కాగితాలు, చీటీలు లేవు. ఒక్కటే పద్ధతి. పరీక్ష కాని రంపం నేల మీద ఉంటుంది. పరీక్ష అయినదాన్ని మామ తుడిచి, తన చేతులతో గోడకున్న చెక్క మీద పెడతారు. మేమెవరం పెట్టం. పైనున్నదంటే మామ కోసి చూసినట్టు, కళ్లు మూసుకుని తీసుకుపోవచ్చు. ఈ సంగతి మూడు తాలూకాల కోతవాళ్లకు తెలుసు.

ఆయన పోయిన రోజు ఇంట్లో చేరినవాళ్లలో ఈ పద్ధతి తెలియనిది మా చుట్టాలకే.

మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. మామను ముందరి దుకాణం గదిలోనే నేల మీద పడుకోబెట్టాలి. నేనప్పుడు మనుషుల్లో లేను. ఎవరెవరో వచ్చి నేల మీదున్న సామాను గబగబా తీశారు, ఊడ్చారు, చాప పరిచారు. తీసినవన్నీ ఎక్కడ పెట్టారో నేను చూడలేదు. మామ తలాపున దీపం పెట్టాక కూడా తలెత్తి చూడలేదు.

మూడో రోజు మామ పేరున పిట్టకు కూడు పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి. ఆ పొద్దున్నే దుకాణం ఊడుస్తుంటే బల్ల మీద చాయ్ సాసర్లో ఒక స్ప్రింగ్ కనబడింది. పెద్ద రంపం బ్రేకుది. రంపం ఎగిరినప్పుడు ముందున్న అడ్డపిడి చేతికి తగలగానే గొలుసును ఆపేది అదే. ఖిల్లా ఘణపూర్ కోతాయన రంపానికి మెట్లు తగ్గించి, బ్రేకు విప్పి శుభ్రం చేసి, స్ప్రింగ్ తెల్లారి వేద్దామని, దుమ్ము పడకుండా మూత బిగించి నేల మీద పెట్టారు మామ. ఆ తెల్లారే ఆయన పోయారు. నేల మీద చూశాను. లేదు. పైన చూశాను. అక్కడా లేదు.

మా ఆయన్ని అడిగితే, “ఘణపూర్ అన్న పాడె మోసిండు గద. పోయేటప్పుడు, మిషన్ పైన ఉన్నది, తీస్కపోదునా అని అడిగిండు. సరే అన్న” అన్నాడు.

వెంటనే ఆ అన్నకే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. రంపం నడుస్తుంటే ఫోను వినబడదు. అంటే నడుస్తున్నది. మా ఆయన కర్మ చేయాల్సినవాడు, ఇల్లు కదలకూడదు. పైగా స్ప్రింగ్ వేయడం ఆయనకు రాదు. నేను చెప్పులు వేసుకుంటుంటే, ఆడచుట్టాలలో ఒకామె, “మైలల ఊరు దాటుతదా కోడలు?” అంది.

మా అత్త మూడు రోజులుగా నోరు విప్పలేదు. అప్పుడు విప్పింది. “గా మిషన్ సంగతి తేలకుంట ఆయనకు పిట్ట ముడ్తదా? పో బిడ్డా. వచ్చినంకనే పెడ్తం.”

ఆటోలో ఘణపూర్ దాకా ఆ స్ప్రింగ్ పిడికిట్లో పట్టుకునే ఉన్నాను. గుచ్చుకుంటున్నా వదలబుద్ధి కాలేదు. మామ మీద కోపం కూడా వచ్చింది, నిజం చెబుతున్నాను. ఆయన పేరు మీద ఒక మనిషి పోతే? పైనుందని నమ్మే పోతే? ఎవరితో ఏమని చెప్పాలి? ఖిల్లా గుట్ట కనబడ్డాక దారిన పోయేవాళ్లను అడిగితే, మెట్ట చెలకల్లో ఎండిపోయిన చింతచెట్టు కోస్తున్నారని చూపించారు. రోడ్డు మీదికే చప్పుడు వినబడింది. కట్టెలోకి దిగి తేటగా పలుకుతున్నది. ఎంత బాగా చేశారో మామ. ఆ భయంలోనూ అది తట్టింది నాకు.

గట్టు దిగుతుండగా చప్పుడు తటాలున ఆగింది. మెల్లగా తగ్గి ఆగడం కాదు, గొంతు పట్టుకున్నట్టు ఆగింది. ఆ చెలకలో ఎట్లా ఉరికానో నాకు గుర్తులేదు.

ఆయన నిలబడే ఉన్నాడు. రంపం కింద పడి ఉంది. ఎడమ భుజం మీద కుడి చెయ్యి వేసుకుని, అక్కడ భుజం ఉందో లేదో చూసుకుంటున్నట్టు తడుముకుంటున్నాడు.

“ఎగిరింది చెల్లె,” అన్నాడు నన్ను చూసి. “బ్రేకు వడలే. భుజం మీది టువ్వాల గుంజుకపోయింది. అది చుట్టుకొని ఆగింది.”

“అన్నా, అది మామ పైన పెట్టలే. జనం పెట్టిర్రు. పని కాలే దానికి” అని పిడికిలి తెరిచి చూపించాను.

ఆయన స్ప్రింగును చూశాడు. మెల్లగా కూలబడ్డాడు.

నేను రంపం పక్కన కూర్చుని మూత విప్పాను. తెల్ల టువ్వాల ముక్కలు ముక్కలై గొలుసు పళ్లలో, చక్రంలో చుట్టుకుని ఉంది. ఒక్కో పోగు లాగి, వెలుతురుకు పట్టి, ఎక్కడైనా ఎరుపు ఉందా అని చూశాను. నూనె మరక ఉంది, రంపపు పొట్టు ఉంది. ఎరుపు లేదు. పోగులన్నీ అయిపోయాక మళ్లీ మొదటినుంచి చూశాను. మూడు రోజులు రాని ఏడుపు అక్కడ వచ్చింది.

ఇంతలో గట్టు మీద ఆయన భార్య సద్దిగిన్నె నెత్తిన పెట్టుకుని వస్తూ కనబడింది. ఆయన గబుక్కున ఆ పోగులన్నీ దగ్గరికి లాక్కుని, వాటి మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి, నేను ఏడవడం చూసి, మామ గురించే అనుకుని నా వీపు నిమిరింది. “మంచి మనిషి పాయె. మేస్త్రి చేతి మిషనంటె మా ఇంట్ల నిమ్మళంగ ఉంటుంటిమి” అంది. నీళ్ల సీసా ఆయనకిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు చొక్కా మీద పడ్డాయి.

“తుడ్సుకో. టువ్వాల ఏడవెట్టినవ్?” అంది ఆమె.

ఆయన నా దిక్కు చూశాడు. నేను స్ప్రింగ్ దాని చోట వేసి, తలెత్తకుండా మూత బిగించసాగాను.