తిరగేసిన కోటు

మా వీధికి చలికాలం ఎప్పుడొస్తుందో రేడియోవాళ్ల కంటే ముందు మా పిన్ని చెప్పేది. నోటితో కాదు, ఒంటిమీది బట్టతో. ఆవిడ ఆవపువ్వు రంగు స్కార్ఫును మెడకు ఒక చుట్టు చుట్టి బస్టాపు వైపు నడిచిందంటే నేను గొడుగులు మూటగట్టి మంకీ టోపీలు బయటికి తీసేవాణ్ణి. రెండు చుట్లు చుట్టిందంటే ఉన్ని చేతితొడుగులు. ఒకసారి నడినెత్తిన ఎండ మాడ్చేస్తుండగా రెండు చుట్లు చుట్టుకొచ్చింది. నేను మారుమాట లేకుండా తొడుగులు పరిచాను. వీధంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి కుళాయిల్లో నీళ్లు గడ్డకట్టాయి. నా దగ్గర నూట నలభై జతలు అమ్ముడుపోయాయి. ఆ రోజు ఆవిడకు గొంతునొప్పి, అందుకే చుట్టుకుందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. గిట్టనివాళ్లు లక్ష అంటారు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు. పాత భవనంలో మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషను పెట్టుకున్న బాబాయ్ భార్య. ఆ గది గుమ్మానికి ఆనుకునే నా బల్ల ఉంటుంది. వానల్లో గొడుగులు, ఎండల్లో నల్లకళ్లద్దాలు, చలిలో టోపీలు అమ్ముతాను. ఏడో తరగతి మూడేళ్లు చదివినవాణ్ణి. అంత లోతుగా చదివినవాడు ఆ బడిలో మరొకడు లేడు కనకనే మాస్టార్లు ఇక నేర్పేదేమీ లేదని నన్ను పంపించేశారు.

బాబాయ్ కొత్త బట్టలు కుట్టడు. కోట్లు తిరగేస్తాడు. ఎండకూ వానకూ పైవైపు వెలిసిపోయిన కోటును కుట్టు కుట్టూ విప్పి, ముక్కలను దులిపి, ఉతికి, ఆవిరి పట్టి, లోపలి వైపు పైకి వచ్చేలా మళ్లీ కుడతాడు. గుడ్డ లోపలి వైపు ఎండ మొహం చూసి ఎరగదు. అందుకని పదేళ్ల కోటు పది రోజుల కోటైపోతుంది. ఒక్కటే చిక్కు. ఎడమ పక్కన ఉండే పైజేబు కుడి పక్కకు వస్తుంది, గుండీలు అటువి ఇటు మారతాయి. దాన్ని చూసి ఎవరైనా మొహం ముడిస్తే నేను అందుకునేవాణ్ణి.

"అయ్యా, కుడిజేబు ఇప్పుడు సముద్రం అవతల పెద్ద ఫ్యాషను. ఎడమజేబు పెట్టుకుంటే హోటల్లో లోపలికి రానివ్వట్లేదు."

రెండు నెలలు తిరక్కుండా మేడల్లో ఉండేవాళ్లు కొత్త కోట్లకే కుడిజేబు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. ఇది మాత్రం నిజం. ఒకాయన పెట్టించుకున్నాడు.

"నీ కోతలుంటే నాకు కత్తెర దేనికిరా" అనేవాడు బాబాయ్.

అంతటి పనివాడి భార్య ఒంటిమీద మాత్రం వీధిలోకల్లా వెలిసిపోయిన కోటు ఉండేది. ముదురాకుపచ్చ కోటు. కూతురు పుట్టకముందు కొన్నది. భుజాల మీద ఎండుటాకు రంగుకు తిరిగింది. ఎడమ మోచేయి అద్దంలా మెరిసేది. రోజూ మధ్యాహ్నం వచ్చి, బాబాయ్ బల్లమీద ఆ మోచేయి ఆనించి, వీధిలో వచ్చేపోయేవాళ్ల బట్టలకు మార్కులు వేసేది. లోపల ఎండాకాలపు పూలగుడ్డ, పైన ఆ కోటు, కాళ్లకు వానాకాలపు రబ్బరు బూట్లు, మూడు కాలాలూ ఒక్క మనిషి మీద. అయినా ఆవిడ నడిచి వెళుతుంటే కొత్తబట్టలవాళ్లు తమ బట్టలు చూసుకుని సర్దుకునేవాళ్లు. ఎలా వస్తుందో అది కొందరికి, నేర్పితే రాదు.

"ఆ కోటు ఇలా తేవే, వారంలో కొత్తది చేసిస్తాను. నా పరువు పోతోంది" అని బాబాయ్ ప్రతి ఏడూ అడిగేవాడు.

"ఊరందరివీ తిరగేస్తున్నావుగా. నన్నిలా ఉండనీ. రెండోవైపు చూసుకునే తీరిక నాకు లేదు" అనేది పిన్ని.

వాళ్లకొక్కతే కూతురు, బుజ్జమ్మ. సిటీ బస్సు నడుపుతుంది. చిన్నప్పుడు ఆ కోటు కప్పుకునే నిద్రపోయేదట. వేరే దుప్పటి కప్పితే కళ్లు తెరిచి ఏడ్చేదట. కోటు ఎడమ జేబులో పిప్పరమెంట్లు ఉండేవి. ముప్పై ఏళ్లొచ్చినా, బస్సు మా స్టాపులో ఆగగానే పిన్ని వెళ్లి డ్రైవరు కిటికీ దగ్గర నిలబడేది. కూతురు చెయ్యి చాపి ఆ జేబులోనే వెతుక్కునేది. వెనక హారన్లు మోగుతున్నా సరే.

వానలు వెనకబట్టే రోజుల్లో పిన్నికి జ్వరం వచ్చింది. ఐదో రోజున ఆసుపత్రిలో పోయింది. కోటు మాత్రం ఇంట్లో మేకుకే ఉండిపోయింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే కోటు ఎవరు వేసుకుంటారు.

బుజ్జమ్మ ఏడవలేదు. అన్ని పనులూ తనే చూసింది, వచ్చినవాళ్లకు కుర్చీలు వేసింది. పదిహేను రోజులు గడిచాక డిపో దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది. "తెల్లారుజామున డ్యూటీ నాన్నా, ఇక్కణ్ణుంచి అందుకోలేకపోతున్నాను" అంది. పదేళ్లుగా ఇక్కణ్ణుంచే అందుకుంది. ఆదివారం ఆదివారం వచ్చి, కుర్చీ అంచున గంటసేపు కూర్చుని వెళ్లేది. మేకు వైపు చూసేది కాదు. తండ్రీకూతుళ్లు బస్సు టైర్ల గురించి, సూదుల ధర గురించి మాట్లాడుకునేవాళ్లు.

బాబాయ్‌కు ఇంట్లో పళ్లెం చప్పుడు కూడా తనదే వినపడేది. "అది తిరిగొస్తే చాలురా, ఇంకేం వద్దు నాకు" అని నాతో అన్నాడొకసారి, సూది పళ్ల మధ్య పెట్టుకునే.

చలి తగిలిన మొదటి ఆదివారం. బాబాయ్ ఇంట్లో హీటరు పాడైందంటే చూద్దామని నేను కూడా వెళ్లాను. బుజ్జమ్మ లేచి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్నా, అమ్మ కోటు నాకిస్తావా? చలి మొదలైంది."

బాబాయ్ గబుక్కున లేచాడు.

"ఇస్తానమ్మా. పై ఆదివారానికి ఇస్తాను."

"ఇప్పుడే పట్టుకెళతాను."

"ఇలాగా? ఛ, ఇలా ఎలా ఇస్తాను తల్లీ. వారం ఓపిక పట్టు."

ఆమె మేకు వైపు చూసింది. ఏదో అనబోయి, తండ్రి మొహంలో వెలుగు చూసి, "సరే నాన్నా" అని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగకముందే ఆయన కోటు మేకు మీంచి తీసి బల్లమీద పరిచాడు. "అడిగిందిరా. అమ్మ పోయాక నన్ను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఈ కోటు దాని ఒంటికి కుదిరిందా, ఇంటికొచ్చేస్తుంది చూడు."

నేను అప్పుడు ఒక మాట అనాల్సింది. ఇలాగే ఇచ్చెయ్ బాబాయ్ అని. నాకు తట్టలేదని చెప్పను, ఎక్కడో తట్టింది. కానీ మనిషి రెండు నెలల తర్వాత నవ్వుతున్నాడు. నా నోరు ఊరుకుంటుందా.

"బాబాయ్, నువ్వు దీన్ని తిరగేశావంటే డిపో మొత్తం నీ కొట్టు ముందు లైను కడుతుంది. బుజ్జమ్మ బస్సు దిగి నడుస్తుంటే సిగ్నల్లో ఎర్రలైటు సిగ్గుపడి పచ్చగా మారాలి" అన్నాను.

ఏడు రోజులు ఆయన మరో కోటు ముట్టలేదు. గిరాకీలు వచ్చి కేకలేసి వెళ్లారు. పాత బ్లేడుతో కుట్టు కుట్టూ విప్పుతుంటే ముక్కలు నేనే పట్టుకున్నాను. మడతల్లోంచి దూది, పిప్పరమెంటు కాగితాలు, రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. దులిపేశాడు. జేబు సంచి నల్లగుడ్డది, జల్లెడలా అయిపోయింది. కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. మోచేయి దగ్గర ఒకసారి ఆగాడు.

"చూడు ఎలా అరగదీసిందో. బల్లమీద ఆనొద్దే అని ఎన్నిసార్లు చెప్పాను."

అని, లోపలికి పోయే వైపే అయినా, దానిమీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెట్టాడు. ఆవిరి లేచింది. బ్రష్షుతో రుద్దాడు. మెరుపు పోయింది. బాబాయ్ మురిసిపోయాడు. చాలా కష్టమైన పని అది, నగరంలో ఇంకొకరి చేత కాదు. ఇందులో నా కోతలేమీ లేవు.

కూతురి కొలతలకు టేపు అవసరం రాలేదు. భుజాల దగ్గర రెండు వేళ్లు లోపలికి లాగాడు, నడుము దగ్గర ఒకటిన్నర. పాత కాజాలను ఎంత సన్నగా రఫూ చేశాడంటే వేలితో తడిమినా దొరకలేదు. లోపలి వైపు కనపడకుండా కొత్త అస్తరు గుడ్డ వేశాడు. శనివారం సాయంత్రం మేకుకు తగిలించి దూరం నుంచి చూశాడు. కోటు ఇరవై ఏళ్ల పిల్లలా ఉంది.

ఆదివారం బుజ్జమ్మ వచ్చింది. మేకు వైపు చూసి, కళ్లు తిప్పి, గదంతా వెతికింది.

"కోటేది నాన్నా?"

"ఎదురుగా పెట్టుకుని ఏదంటావేంటమ్మా."

ఆయనే తీసి తొడిగాడు. పోతపోసినట్టు సరిపోయింది. భుజాలు నిటారుగా నిలబడ్డాయి. నేను ఈల వేయబోయి, ఆమె చెయ్యి చూసి ఆగిపోయాను. చెయ్యి ఎడమ జేబులోకి వెళ్లింది. కొత్త గుడ్డ తగిలి బయటికి వచ్చింది. తర్వాత ఎడమ మోచేయి తడుముకుంది. కాలరు ఎత్తి మొహం దాచుకుంది, చాలాసేపు. సబ్బు వాసన, ఆవిరి వాసన తప్ప అందులో ఏముంటుంది.

"నాన్నా, అమ్మ ఏది?" అంది.

ఆయనకు ఇంకా అర్థం కాలేదు. పనివాడి గొంతుతోనే జవాబు చెప్పాడు.

"లోపలుందమ్మా. వెలిసిందంతా అస్తరు కిందకి వెళ్లిపోయింది. ఎవరికీ కనపడదు."

చెప్పాక, తన మాట తనకే వినపడినట్టుంది. కత్తెర తీసుకున్నాడు. "విప్పేస్తానుండు. ఎలా ఉందో అలాగే కుట్టేస్తాను. ఎంతసేపు."

"ఒకసారి తిరగేస్తే అంతే కదా నాన్నా. రెండోసారికి గుడ్డ నిలవదుగా."

ఈ సంగతి ఆమెకు చిన్నప్పుడు నేర్పింది ఆయనే. కత్తెర కింద పెట్టాడు.

"జేబు గుడ్డ ఉందా? పాతది?"

నేను వెంటనే పరుగెత్తాను. చెత్తబండి శుక్రవారమే వచ్చి వెళ్లింది. అయినా వీధి చివర తొట్టి వంచి వెతికాను, ఊడ్చే ఆమెను అడిగాను. ఉత్తిచేతులతో తిరిగి రావడానికి కాళ్లు రాలేదు. బాబాయ్ కొట్లో పాత ముక్కల సంచిలోంచి చిల్లులున్న జేబు గుడ్డ ఒకటి లాగి, కాస్త దుమ్ములో పొర్లించి పట్టుకెళ్లాను.

"దొరికింది. కుక్క నోట్లోంచి లాక్కొచ్చాను" అన్నాను.

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మ జేబు నల్లది అన్నయ్యా. ఇది బూడిదరంగు."

కోపంగా అనలేదు. మడిచి నా చేతిలో పెట్టింది. ఈ నోటితో ఎండలో మంచు కురిపించినవాణ్ణి, ఆ రోజు ఒక రంగు గుర్తుపెట్టుకోలేకపోయాను. విప్పేటప్పుడు నా చేతులతోనే పట్టుకున్న గుడ్డ.

"బాగుంది నాన్నా. చాలా బాగా కుట్టావు" అని, గుండీలు పెట్టుకోబోయింది. అటువి ఇటు మారడంతో వేళ్లు తడబడ్డాయి. బాబాయ్ వంగి ఒక్కొక్కటే పెట్టాడు.

"అన్నం తినెళ్లమ్మా."

"డ్యూటీ ఉంది నాన్నా."

ఆదివారం ఆమెకు డ్యూటీ లేదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

ఆ చలికాలమంతా ఆ కోటే వేసుకుంది. ఒక్కరోజు మానలేదు. బాబాయ్ మా స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూసేవాడు, భుజం ఎక్కడైనా లాగుతోందేమోనని. ఆదివారాలు ఎప్పటిలాగే వచ్చేది, కుర్చీ అంచున ఎప్పటిలాగే కూర్చునేది. కోటు విప్పేది కాదు.

ఒకరోజు ఆయనే నన్ను ఆ బస్సెక్కమన్నాడు. ఎందుకని నేనడగలేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. ఆమె చూసి తలూపింది. మూడు స్టాపుల తర్వాత ఒక పెద్దావిడ రాడ్డు పట్టుకుని వంగి, "కోటు భలే ఉందమ్మాయ్. ఏ షాపులో కొన్నావు?" అని అడిగింది.

"కొన్నది కాదండీ. మా నాన్న కుట్టారు."

"అదృష్టవంతురాలివి."

"అవునండీ" అంది బుజ్జమ్మ, గేరు మారుస్తూ.

తిరిగొచ్చి చెప్పాను. బాబాయ్ మిషను ఆపి, చెప్పినదంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంతేనా? వాళ్లమ్మదని ఏమన్నా అందా?"

ఒక జత తొడుగులు అమ్మడానికి వంద అబద్ధాలాడే నోరు నాది. ఒకటి సిద్ధంగానే ఉంది, నాలుక చివర, మంచిది.

"అనలేదు బాబాయ్" అన్నాను.

ఆయన తలూపాడు. బల్లమీద ఎవరిదో గోధుమరంగు కోటు సగం విప్పి ఉంది. బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు, ఎక్కడ ఆపాడో వెతుక్కున్నాడు. ఆ కుట్టు చాలాసేపు దొరకలేదు.