గాజుపలక మీద ప్రాణం

నిడదవోలుకు దగ్గర్లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. చుట్టాలిళ్లకు వెళ్లినప్పుడు ఏం పనని అడిగితే రక్తపరీక్షలని చెప్పి ఊరుకుంటాను. మలపరీక్షల సంగతి ఎత్తితే చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసినవాళ్లున్నారు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక మలపరీక్షే.

ఆ పరీక్షకు వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఊడ్పులకూ కోతలకూ వెళ్తున్న మనిషి. చాలాకాలంగా ఆయాసం, కడుపులో మంట, ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోతూ ఉండటం. గ్యాస్ బిళ్లలు మింగి మింగి విసిగిపోయి మా దగ్గరికి వచ్చింది. రక్తం తీసి స్లైడు చూస్తే ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎటు చూసినా అవే. అలర్జీ ఉన్నా, కడుపులో పురుగులున్నా పెరిగే కణాలవి.

రిపోర్టు పంపించిన కాసేపటికి డాక్టరుగారు తనే ల్యాబ్‌లోకి వచ్చారు. ఆ డాక్టరమ్మ మా ఆసుపత్రికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఆయాసానికి స్టెరాయిడ్ రాద్దామనుకున్నానండి. ఇది చూశాక చెయ్యి రాలేదు. ముందు మోషన్ టెస్ట్ చేసి చూడండి. వట్టికాళ్లతో పొలంలో తిరిగే మనిషి కదా."

"పురుగులుంటే స్టెరాయిడ్ ఇవ్వకూడదాండి?" అని అడిగాను.

"అన్నిటితో భయం లేదు. స్ట్రాంగిలాయిడిస్ అని ఒకటుంది, దారప్పోగు కన్నా సన్నం. ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఉన్నన్నాళ్లూ పేగులో అణిగి ఉంటుంది. స్టెరాయిడ్ ఇచ్చి ఆ శక్తిని తగ్గించామంటే ఊపిరితిత్తుల్లోకీ, మెదడులోకీ కూడా పాకిపోతుంది. ఇక మనిషి దక్కదు."

మర్నాడు ఆవిడ ఇంటి దగ్గర్నుంచి డబ్బీలో నమూనా తెచ్చింది. బస్సు దొరికి ఇక్కడికి చేరేసరికి అది ఎండిపోయింది. స్లైడు మూల మూలా వెతికాను. ఏమీ లేదు.

"లేదని రాయనాండి?" అన్నాను డాక్టరుగారితో.

"అప్పుడే వద్దు. పిల్లపురుగులు రోజూ బయటపడవు. పైగా పాత నమూనా అయితే కొంకిపురుగు, అదే హుక్‌వార్మ్, గుడ్లు కూడా పగిలి పిల్లలొస్తాయి. అప్పుడు ఏది ఏదో తేల్చుకోలేం. ఇక్కడే, తాజాగా తీసుకోండి."

ఆ మాట చెబితే ఆవిడ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"ఇక్కడా? నావల్ల కాదండి బాబూ."

"సిగ్గేంటమ్మా, మాకిది రోజూ ఉండే పనే. కాసేపు కూర్చోండి, టీ తాగండి. తొందరేం లేదు," అన్నాను.

పొద్దెక్కాక డబ్బీని పైటచెంగు కింద దాచుకుని తెచ్చి, నా మొహం చూడకుండా బల్ల మీద పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. గాజుపలక మీద సెలైన్ చుక్క వేసి, పుల్లతో రవ్వంత మలం అందులో కలిపి, పైన పల్చటి గాజు రెక్క కప్పాను. కింద కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా ఉండాలి అది. మైక్రోస్కోపు కింద పెట్టి ఒక అంచు నుంచి మొదలుపెట్టాను. అరగని ఆకుకూర పీచు, పిండి రేణువులు, గాలి బుడగలు. రోజూ చూసేవే.

ఇంతలో ఒక మూల ఆ చెత్తంతా తనంతట తాను పక్కకు జరిగింది. బల్లకి చెయ్యి తగిలిందేమో అనుకుని ఊపిరి బిగబట్టాను. మళ్లీ జరిగింది. పీచుల మధ్య నుంచి దూసుకుంటూ అది బయటికి వచ్చింది. అద్దంలా తేటగా ఉంది. ఒళ్లంతా కొరడాలా విసురుకుంటూ ఈదుతోంది. పెద్దది చేసి చూస్తే నోటి గొట్టం చాలా పొట్టిగా ఉంది. కొంకిపురుగు పిల్లకైతే అది పొడుగ్గా ఉంటుంది. పుస్తకంలో ఈ స్ట్రాంగిలాయిడిస్ పిల్ల బొమ్మ ఎన్నోసార్లు చూశాను గానీ, ప్రాణంతో ఎప్పుడూ చూడలేదు. బొమ్మ కదలదు కదా! ఇది ఆగడం లేదు. గాలిబుడగకి కొట్టుకుని వెనక్కి తిరిగి, మరో దారి వెతుక్కుని పోతోంది. దానికి కూడా ఎక్కడికో వెళ్లాలని ఉన్నట్టుంది.

డాక్టరుగారిని పిలిచాను. వచ్చి కన్ను ఆనించి, స్లైడు జరుపుకుంటూ దాని వెంటే పోయారు.

"ఇదేనండి," అన్నారు చివరికి. "విచిత్రం ఏంటంటే, పేగులో ఉండేవన్నీ ఆడవే. మగదాంతో పని లేకుండానే పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లల్లో కొన్ని బయటికే రావు. మళ్లీ అదే మనిషి ఒంట్లోకి దూరి పెద్దవవుతాయి. అలా ఎన్ని దశాబ్దాలైనా వంశం సాగుతుంది. ఈవిడ పరికిణీ కట్టుకునే వయసులో కాల్లోంచి దూరినదాని మునిమనవరాలేమో ఇది."

"ఏంటండి, ఇద్దరూ అలా చూస్తున్నారు? నాకేమన్నా పెద్ద జబ్బాండి?" గుమ్మంలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

డాక్టరుగారు లేచి స్టూలు చూపించారు. "రండమ్మా. మీరే చూడండి."

ఆవిడ భయపడుతూనే కూర్చుంది. ముందు తన కనురెప్ప వెంట్రుకలు తప్ప ఏమీ కనబడలేదంది. తల కాస్త వెనక్కి జరపమన్నాను. ఉన్నట్టుండి మనిషి బిగుసుకుపోయింది.

"అమ్మ బాబోయ్! ఈదుతోందండి!"

"అదేనమ్మా మీ ఆయాసానికి కారణం అయ్యుంటుంది," అన్నారు డాక్టరుగారు.

"ఇది నా లోపలిదా?"

"మీ లోపలిదే. పేగులోది."

అసహ్యించుకుని లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఇంకా ముందుకు వంగింది.

"దీని ఒంట్లో పొడుగునా ఓ గీత ఉందండి. ఏంటది?"

"దాని పేగమ్మా," అన్నాను.

ఆవిడ తలెత్తి నావంక చూసింది. ఆ కళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి. "నా పేగులో ఉన్నదానికి మళ్లీ ఓ పేగా! ప్రభువా, ఇంత చిన్నదానికి కూడా అన్నీ అమర్చావా!"

స్లైడ్లు చూసి చూసి నా కళ్లు అరిగిపోయాయి గానీ, ఆ మాట నాకెన్నడూ తోచలేదు. ఆవిడ లేచాక మళ్లీ కూర్చుని చూశాను. నిజమే. కంటికి ఆనని ఆ ప్రాణిలో నోరూ, గొంతూ, పేగూ అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి.

ఎలా వచ్చిందని ఆవిడ అడిగితే డాక్టరుగారు వివరంగా చెప్పారు. గట్ల పక్కన జనం బయటికి వెళ్లే చోట తడిమట్టిలో ఇది ఉంటుందనీ, వట్టికాలు పడితే చర్మంలోంచే దూరుతుందనీ.

"అయితే ఊడ్పుల రోజుల్లో కాళ్ల దురద అందుకేనేమోనండి. బురద పడలేదనుకుని కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లం," అంది ఆవిడ.

ఆవిడ బరువు చూసి డాక్టరుగారు పురుగుల బిళ్లలు రాశారు. మళ్లీ వచ్చినప్పుడు తాజాగా తీసిన నమూనాల్లో ఏమీ కనబడలేదు. రక్తంలో ఆ కణాలూ తగ్గుముఖం పట్టాయి. ఆయాసం పూర్తిగా పోలేదు గానీ, మెట్లెక్కి వచ్చి కూడా ఆగకుండా మాట్లాడగలుగుతోంది. ఆ మాట్లాడటంలోనే అడిగింది.

"మా పేటలో ఆడాళ్లందరివీ ఇవే కాళ్లండి. పురుగు ఈదిందంటే నవ్వుతున్నారు. ఆ మిషను ఓసారి మా చర్చి దగ్గరికి తెండి. డబ్బీలు నేను పట్టించుకొస్తాను."

ఒక ఆదివారం మైక్రోస్కోపును దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని డాక్టరుగారితో ఆటోలో బయల్దేరాను. గోతులొచ్చినప్పుడల్లా పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాను. ఆరాధన అయిపోయాక చర్చి పక్క రేకుల షెడ్డులో కరెంటు తీగ లాగి బల్ల వేశారు. ఆవిడ అన్నంత పనీ చేసింది. డబ్బీలు వరసగా ఉన్నాయి. కొన్నిట్లో కొంకిపురుగు గుడ్లు దొరికాయి. వాళ్లింటి పక్కావిడ డబ్బీలో మాత్రం మళ్లీ అదే, తేటగా, విసురుగా ఈదుతూ కనబడింది. ఆ డబ్బీ ఎవరిదో బయటపెట్టకుండా, చూడదలిచినవాళ్లు రావచ్చని డాక్టరుగారు పిలిచారు.

మొదట ఎవరూ కదల్లేదు. ఒకామె చూసి కెవ్వుమనేసరికి మిగతావాళ్లు ఎగబడ్డారు. బారు షెడ్డు దాటి ఎండలోకి సాగింది. నవ్వులూ, కేకలూ, "చిన్న పామేనే!" అంటూ అరుపులూ. కన్ను ఆనించగానే మాత్రం ప్రతి మనిషీ బల్ల అంచు పట్టుకుని ఇంకా ముందుకు వంగేది.

ఒక ముసలావిడ కూర్చుందంటే ఇక లేవలేదు. బిళ్లలు ఇస్తున్న డాక్టరుగారు కూడా ఆగి చూస్తున్నారు.

"చూసింది చాలు, లెగవే!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

"ఉండవే బాబూ," అంది ముసలావిడ, కన్ను తియ్యకుండానే. "ఇటు తిరుగుతోంది."