ఒడిల్ బిగించిన మూత

ఫ్రాన్సులో మా ఒర్సే ఊళ్ళో, మా వీధిలో ఎవరింట్లో కుళాయి కారినా ఒడిల్‌నే పిలుస్తారు. “నాకు గాలి సంగతి తెలుసుగానీ నీళ్ళ సంగతేం తెలుసమ్మా!” అంటూనే వచ్చి బాగుచేసి పోతుంది.

ప్రయోగశాలలో ఆమె పని ఉక్కు పెట్టెలోంచి గాలి తోడెయ్యడం. మూత కింద రాగి ఉంగరం పెట్టి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తుంది. వాళ్ళమ్మ దువార్నెనే అనే ఊళ్ళో చేపల డబ్బాలకు మూతలు వేసేది. ఆ చెయ్యే కూతురికి వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒడిల్ మూత కారిందన్న మాట పుట్టలేదు.

ఈ మార్చిలో పుట్టింది.

పరిశోధకుడు గయెతాన్ ఆ పెట్టెలో సీజియం పరమాణువుల్ని లేజర్లతో పట్టి, ఇంచుమించు కదలకుండా చల్లబరుస్తాడు. కెమెరా తెరమీద అవి చిన్న ముద్దలా వెలుగుతాయి. ఇంకో లేజరు వేసి, రెండేసి పరమాణువుల్ని ఒక్కో అణువుగా జతచెయ్యాలని అతని తపన. జత మాట దేవుడెరుగు, ముద్దే మసకబారుతోంది.

“మూత కారుతోంది ఒడిల్ గారూ. గాలి చొరబడి వాటిని తరిమేస్తోంది. సోమవారం విప్పేద్దాం.”

విప్పితే మళ్ళీ మూసి, పెట్టెను బాగా వేడిచేసి, గాలి తోడడానికి ఆరు వారాలు. ఆపైన ఆమె పేరు కూడా పోతుంది.

“పొద్దున కాఫీ తాగావా?”

“తాగాను. ఏం?”

“తాగినా నిద్ర వదల్లేదు నీకు. మూత చుట్టూ హీలియం ఊది మూడుసార్లు చూశాను. చిల్లుంటే అది లోపలికి పోయి మీటరు చెప్పేది. సూది కదల్లేదు.”

“మరి వెలుగెందుకు తగ్గుతోంది?”

ఒడిల్ స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. మధ్యాహ్నం వెన్న రాసిన రొట్టె కూడా అక్కడే తింది. ముద్ద మసకబారింది, మళ్ళీ వెలిగింది.

“ఇప్పుడేం తిప్పావు?”

“రెండో లేజరు రంగు, వెంట్రుకవాసి. నా లెక్క ప్రకారం అణువులు దొరికే రంగు ఇంకా ముందుంది.”

“వెనక్కి తిప్పు.”

మసకబారింది.

“ఆ లేజరు ఆపెయ్.”

నిండుగా వెలిగింది.

“కారే డబ్బా వేళ చూసుకుని కారదనేది మా అమ్మ. నా మూత మాత్రం నీ లేజరు రంగు చూసి కారుతుందా?”

గయెతాన్ ఆ లేజరు మళ్ళీ వేసి తెరకేసి చూశాడు. జతకట్టిన అణువు ఆ కాంతిలో మెరవదు, ఆ లేజర్ల ఉచ్చులో నిలవదు; ముద్ద మసకబారిందంటే జతలు కుదిరినట్టే. లెక్కలో ఉన్నచోట వెతుకుతూ, దొరికినచోటుని చిల్లు అనుకున్నాడు. సాయంత్రందాకా పదకొండుసార్లు తిప్పి చూశాడు. పదకొండుసార్లూ అదే రంగు దగ్గర మసక.

“తప్పయిపోయింది ఒడిల్ గారూ.”

“జంట లేచిపోతే, ఇంటికి గొళ్ళెం లేదన్నావు కదయ్యా!”

సోమవారానికని తీసి ఉంచిన కొత్త రాగి ఉంగరాన్ని సొరుగులో పెట్టేసి, ఒడిల్ కోటు తొడుక్కుంది.