వన్ స్టార్ పారాయణం
ఎల్బీనగర్‌లో మా గీతా పారాయణ బృందానికి ఆన్‌లైన్‌లో జంపఖానా కొనే పని నాకు అప్పగించారు. దిల్‌సుఖ్‌నగర్ షాపులో అయితే రంగు పోతుందేమోనని తడివేలితో రుద్ది చూసేదాన్ని. ఫోన్‌లో పొగిడిన రివ్యూలు మాత్రమే చదివాను. పరనింద వినడం పాపమని అందరికీ చెప్పేది నేనే కదా! ఏకాదశి పారాయణం ముగిసి లేచేసరికి అందరి చీరలకూ జంపఖానా ఎర్రరంగు అంటింది.

బృందంలోనే ఉన్న మా పక్కింటావిడ నా ఫోన్ లాక్కుని రివ్యూలు చూసింది. "రంగు పోతదని గింతమంది మొత్తుకున్నరు కదక్కా! గిది నింద కాదు, పుణ్యం. వాళ్ల చీరలు ఖరాబైనా మనయి కాపాడుతున్నరు."

రెండోది కొనే ముందు వన్ స్టార్ రివ్యూలన్నీ నాచేత బృందం ముందు పైకి చదివించింది. మనసులో కృష్ణుడికి క్షమాపణ చెప్పుకుని చదివాను. నా శ్లోకాలకు కునికేవాళ్లు కూడా కళ్లు విప్పార్చి విన్నారు.