రోడ్డు వైపు తిరిగిన చెప్పులు

దెయ్యాలనీ, శకునాలనీ ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేదాన్ని. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కదా, కాస్త పొగరు కూడా ఉండేది. ఇది చదివి ఇప్పుడు మీరు నన్ను చూసి నవ్వుతారేమో. నవ్వండి. జరిగింది జరిగినట్టే రాస్తాను.

డెబ్బైల్లో మాట. విజయవాడ భవానీపురంలో మాది చిన్న చర్చి. చెప్పులు బయట మెట్ల దగ్గర విడిచి, లోపల చాపల మీద కూర్చునేవాళ్ళం. చర్చి ఊడ్చి చాపలు పరిచే పని మార్తమ్మది. పెద్దావిడ. ఆమెకో అలవాటుండేది. ఆరాధన ముగిసే ముందు బయటికెళ్ళి, అందరి చెప్పులూ రోడ్డు వైపు తిప్పి పెట్టేది. మేం వచ్చి కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఒక్కరమైనా ఆమెకి వందనాలు చెప్పిన పాపాన పోలేదు.

నెలకోసారి ప్రభువు బల్ల సంస్కారానికి ద్రాక్షరసం కాచి ఇవ్వడం నా వంతు. ఒక ఆదివారం చూస్తే చర్చి బీరువాలో సీసా లేదు. పాస్టరు గారు అడిగితే, "నిన్ననే మార్తమ్మకిచ్చానండీ" అనేశాను. ఇచ్చాననే అనుకున్నాను మరి.

"నాకివ్వలేదండీ" అందామె.

"అయితే ఎవరు తాగారు?" అన్నాను, అందరి ముందూ.

ఆమె చర్చి తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చూద్దును కదా, నీళ్ళకుండ వెనక తడిగుడ్డ చుట్టిన సీసా! చల్లగా ఉంటుందని నేనే పెట్టి మరిచిపోయాను. చెబితే నా పరువేం కావాలి? రసం తూములో ఒంపేసి, సీసా కడిగేశాను. మార్తమ్మ ఆ వారంలోనే కూచిపూడి దగ్గర పల్లెలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యి బయటికొచ్చాం. అందరి చెప్పులూ ఎక్కడ విడిచినవి అక్కడే ఉన్నాయి. నావి మాత్రం జతగా, రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.

పిల్లల పని అనుకున్నాను. పై వారమూ అంతే. మూడో వారం చెప్పుల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కిటికీ పక్కనే కూర్చున్నాను. ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. చివరి ప్రార్థనకి మాత్రం అలవాటు కొద్దీ కళ్ళు మూశాను. ఆమేన్ అని తెరిచేసరికి తిరిగి ఉన్నాయి. గీత చెరగలేదు.

నాలుగో వారం మా వారిని మెట్ల మీద కాపలా కూర్చోబెట్టాను. ఎవరూ రాలేదన్నారు. చెప్పులు తిరిగే ఉన్నాయి. మా వారు అబద్ధమాడే మనిషి కాదు. మా ఇంట్లో ఆ పని చేసింది నేనొక్కదాన్నే.

నిజం చెప్పాలంటే భయం కన్నా కుతూహలమే ఎక్కువ. కానీ ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టినప్పుడల్లా ఏడుపొచ్చేది. రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. సంస్కారం గిన్నె నా దాకా వస్తే, తాగకుండానే పక్కావిడకి అందించేశాను.

చివరికొక సెలవు రోజు కూచిపూడి బస్సెక్కాను. దిగి, కాలవ గట్టున నడిచి వెళ్ళాను. మార్తమ్మ అరుగు మీద మినుములు చెరుగుతోంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, సీసా కడిగిన సంగతితో సహా ఉన్నదంతా చెప్పాను. ఆమె చెరుగుతూనే అంది.

"నేనెప్పుడో క్షమించానండీ టీచరు గారూ. కానీ నలుగుర్లో అన్నారు, నలుగుర్లోనే చెప్పండి. ఇక్కడ అల్లుడు గారోళ్ళు కూడా నన్ను దొంగనే అనుకుంటన్నారు."

చెప్పుల సంగతి అడిగాను. చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "బాగుందండీ! ఇక్కడ కూర్చుని అక్కడ మీ చెప్పులు ఎట్టా తిప్పుతాను?"

ఆ ఆదివారం ఆమె అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నేను ముందుకెళ్ళి మోకరించి చెప్పాను. గంటలు గంటలు పాఠాలు చెప్పే నోరు నాలుగు ముక్కలకి తడబడింది. లేచి చూస్తే మార్తమ్మ తన చాప మీద నాకు చోటిచ్చింది. ఇద్దరం పక్కపక్కన సంస్కారం తీసుకున్నాం. ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

చెప్పులా? ఆ రోజు విడిచినట్టే ఉన్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త నిరాశపడ్డాను కూడా.

కొన్నేళ్ళకి మార్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ చెప్పులు తిప్పే పని నేను తీసుకున్నాను. మీకెందుకండీ ఈ పని అని అందరూ మొత్తుకున్నారు. నడుం నొప్పి పుట్టినా, ఆ వంగడంలో ఉన్న నెమ్మది నాకు మరెక్కడా దొరకలేదు.

అందరివీ తిప్పి, చివర్న నావి తిప్పుకుందామని వెళ్తాను. ఇప్పటికి మూడుసార్లు, నేను వెళ్ళేసరికే అవి తిరిగి ఉన్నాయి. ఎవరు తిప్పారో నాకు తెలియదు. సుద్దముక్క మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. ఆ మూడుసార్లూ, "వందనాలు మార్తమ్మా" అని చెప్పి కాళ్ళు పెట్టుకున్నాను.