చెవి పరీక్షలూ నా జీతమూ

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ ఉద్యోగంలో చేరిన నెల తిరక్కుండానే వచ్చింది. డెట్రాయిట్ దగ్గర కారు తలుపులు అచ్చుగుద్దే ఫ్యాక్టరీ అది. కార్మికుల కోసం లోపలే ఒక చిన్న క్లినిక్. డాక్టరుగారనే మహానుభావుడు వారానికోసారి వచ్చి కాయితాల మీద సంతకాలు గీకి పోయేవాడు. మిగతా రోజులన్నీ ఇద్దరమే. నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని. రెండో ఆయన ఫిజీషియన్ అసిస్టెంట్, సైన్యంలో గాయాలకు కట్లు కట్టి వచ్చినవాడు. కుట్లు వేసేది ఇద్దరమూ, మందులు రాసేది ఇద్దరమూ. జీతం మాత్రం ఆయనకు బాగా ఎక్కువ. ఎనభైల మొదట్లో నర్సంటే నర్సే. ఎంత చదివినా పాత నర్సుల స్కేలే.

ఒళ్ళు మండి మేనేజరును అడిగేశాను. ఆయన మర్యాదగానే విన్నాడు. ఏడాది చివరిదాకా క్లినిక్ రిజిస్టర్‌లో పని వల్ల వచ్చిన జబ్బుల కేసులు తక్కువగా ఉంటే నన్నూ ఆ స్కేలులోకి మారుస్తానన్నాడు. జబ్బులు కనిపెట్టడానికి పెట్టుకున్న మనిషికి, ఏమీ కనిపెట్టకపోతే జీతం పెంచుతారట! అప్పట్లో నవ్వుకున్నాను.

ఆ ఏడే చెవి పరీక్షలు మొదలయ్యాయి. బీరువా కంటే కాస్త పెద్ద గది, మందపాటి తలుపు, చిన్న అద్దం కిటికీ. లోపల మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు. బయటినుంచి నేను సన్నటి కూతలు పంపిస్తాను. వినబడినప్పుడల్లా అతను బటన్ నొక్కితే నా దగ్గర దీపం వెలుగుతుంది. ఇరవయ్యేళ్ళుగా తలుపులు గుద్దే ప్రెస్సుల మోతలో నిలబడ్డవాళ్ళందరికీ పసిపిల్లల చెవులున్నట్టు ఫలితాలొచ్చాయి. మెషిన్ పాడైందనుకున్నాను.

ఒక ఉదయం ప్రెస్సు మీద పనిచేసే పెద్దాయన వచ్చాడు. తన పెరట్లో కాసిన టొమాటోలు సంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. పూర్తి పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. ఆయన లోపల కూర్చున్నాక, మెషిన్ సంగతి తేల్చుకుందామని కూత స్విచ్ కట్టేశాను. దీపం వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. లోపల ఏ శబ్దమూ లేదు. ఆయన మాత్రం తల కొంచెం వంచి, ఎవరో చెవిలో చెబుతున్నది శ్రద్ధగా వింటున్నట్టు, అద్దంలోంచి నన్నే చూస్తూ నొక్కుతూనే ఉన్నాడు.

తరవాతి మనిషికీ స్విచ్ వెయ్యలేదు. దీపం అదే వరసలో, అంతే ఎడంతో వెలిగింది. మూడోవాడూ అంతే. వెళ్తూ వెళ్తూ ముగ్గురూ నాకు థాంక్స్ చెప్పారు. బయట ప్రెస్సుల అదురు నా అరికాళ్ళకు తెలుస్తోంది. కుర్చీలోంచి లేవాలంటే భయమేసింది.

ఫిజీషియన్ అసిస్టెంట్‌ని నిలదీశాను. ఎంత సేపటికోసారి నొక్కాలో తనే నేర్పానన్నాడు. చెవి పోయిందని రాస్తే వాళ్ళను ప్రెస్సు మీంచి తీసి ఊడ్చే పనికి వేస్తారు, జీతం సగానికి పడిపోతుందన్నాడు.

“నా జీతం ఎలా పెరిగిందనుకున్నావు?” అన్నాడు, దారి అడిగినవాళ్ళకు దారి చెబుతున్నట్టు.

పెద్దాయన్ని మళ్ళీ పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, నిజం రాస్తానని నెమ్మదిగా చెప్పాను. నా పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. రెండేళ్ళు ఓపిక పట్టమని రెండు వేళ్ళు చూపించాడు.

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. “ఆయనే రాయొద్దంటుంటే నీకెందుకే ఈ గోల? ముందు నీ రైజ్ సంగతి చూడు. హౌస్ లోన్‌కి అప్లై చేశాం కదా,” అన్నారు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనలో అందరూ పాడుతున్నారు. కళ్ళు తెరిచి చూస్తే నాకు వాళ్ళ నోళ్ళు కదలడమే కనిపించింది, కాసేపు పాట వినిపించలేదు.

సోమవారం పెద్దాయన కాయితం మీద ‘వినికిడి బాగుంది’ అని రాసి సంతకం చేశాను. ఆయన మంచికే చేశానని అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. నా స్కేలు కోసం చేశాను. ఏడాది చివర స్కేలు మారింది, మేం ఇల్లు కొనుక్కున్నాం.

వసంతంలో ఒకరోజు ప్రెస్సుల వరస పక్కగా వెళ్తున్నాను. ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి హారన్ కొడుతూ వెనక్కి వస్తోంది. వరసలో నలుగురు నిలబడి ఉన్నారు. హారన్ మోగుతూనే ఉంది. నలుగురిలో ఒక్కడూ తల తిప్పలేదు. నేను కేకలు పెడుతూ పరుగెత్తాను. నేను చేరేసరికి పెద్దాయన కాలు చక్రం కింద ఉంది.

నెల తరవాత విచారణ పెట్టారు. పెద్దాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. మేనేజరు నా కాయితం బల్ల మీద పరిచాడు. వినికిడి బాగుంది, హారన్ మోగింది, అయినా తప్పుకోలేదంటే భద్రతా నియమం లెక్కచెయ్యనట్టే, ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం అన్నాడు. పెన్షన్‌కి ఇంకా ఏడాది పైనే ఉంది. తర్వాత నావైపు తిరిగి, ఈ సంతకం మీదేనా అని అడిగాడు.

ఈయనకు వినబడదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాటతో నా ఉద్యోగం పోతుంది, లైసెన్సు కూడా పోవచ్చు. పెద్దాయన నా నోటివైపే చూస్తున్నాడు.

“నాదే,” అన్నాను.

ఆయనకు ఆ మాట అందింది. నేను లేచి క్లినిక్‌కి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.