దొరల హోటల్లో భోజనం

మిషన్ బడిలో పంతులుగా తొలి జీతం అందగానే నాన్నను పడవలో రాజమండ్రి తీసుకెళ్లాను. అక్కడి దొరల హోటల్లో ఒక్క పూట భోజనం వెల మా ఇంటికి వారం గ్రాసం.

"ఆ బల్లలూ కత్తులూ నాకెందుకయ్యా? నువ్వు తినిరా" అని నాన్న బయట అరుగు మీదే కూర్చున్నారు.

కోడిమాంసం కమ్మగా ఉంది. నాన్న కోసం సగం రుమాల్లో మూటగడుతుంటే బట్లరు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటది, దొంగతనంగా దాస్తున్నావు?"

దొరలంతా నావైపు చూశారు. నాన్న లోపలికి పరుగున వచ్చి చేతులు జోడించారు.

"నేనే తెమ్మన్నానండి. మా అబ్బాయినేం అనకండి."

ఇద్దర్నీ బయటికి పంపేశారు. దారిలో నాన్న "రుచిగా ఉందా?" అని మాత్రం అడిగారు.

ఎన్నడూ అబద్ధమాడని మనిషి చేత నా జిహ్వచాపల్యం అబద్ధమాడించింది. ఆ తిండి నాకింకా అరగలేదు.